పొగపడవ మసి దులిపిన రోజు

పొగపడవలో నిప్పు వేసే పని చేశానని చెబితే ఇప్పటివాళ్ళు అదేదో పెద్ద ఉద్యోగం అనుకుంటారు. పెద్దా లేదు, గాడిదగుడ్డూ లేదు. మొలకి గోచీ, తలకి తడిగుడ్డ, చేతిలో పార. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా ఇనప పొయ్యి నోట్లో కట్టె కుక్కడం, బూడిద లాగడం. ఇంటికి వెళితే మా అమ్మ గుమ్మంలోనే ఆపి నెత్తిన కుంకుడురసం పోసేది. అయినా కళ్ళ కొసల్లో, గోళ్ళ సందుల్లో మసి ఉండిపోయేది. ఆ మసి గురించే చెప్పబోతున్నాను. మా ఇంట్లో దాని ఊసు ఎవరూ ఎత్తరు. నేనూ ఇన్నాళ్ళూ ఎత్తలేదు.

ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన కొత్త రోజులవి. కాలవ గట్లకీ, ఏటిగట్లకీ రాయి కావాలి. రాయి మోసే నాటుపడవలు ఏటికి ఎదురెక్కలేక నానా అవస్థా పడేవి. గట్టు మీదనుంచి తాడు కట్టి మనుషులు లాగాలి, లేదా గెడలు వేసి రొమ్ములు పగిలేలా తొయ్యాలి. ఆ పడవల్ని లాగడానికి దొరలు కొత్తపేట వైపు రేవుకి ఒక పొగపడవని పంపారు. చెక్కపడవే. మధ్యలో ఇనప బాయిలరు, రెండు పక్కలా చక్రాలు, పైన పొడుగాటి పొగగొట్టం. దాన్ని నడిపించే సరంగు మా మేనమామ. నాకు పిల్లనిచ్చిన మామగారు కూడా ఆయనే. చుక్కాని పట్టడానికి ఇంకొక మనిషి, నిప్పుకి నేను. ముగ్గురమే. మా మీద అధికారిగా ఒక దొర ఉండేవాడు గాని, ఎప్పుడో ఒకసారి వచ్చి చూసి వెళ్ళిపోయేవాడు.

మావయ్యకి గోదావరి కొట్టిన పిండి. జొన్నాడ దగ్గర్నుంచి సముద్రం దాకా ఏ మలుపులో ఇసక మేట వేసిందో నీళ్ళ మీద మెరుపు చూసి చెప్పేవాడు. అందులో ఆయనకి సాటి లేరు. కాని పట్టుదల మనిషి. ఆయన ఔనన్నది ఔను, కాదన్నది కాదు. నాకూ నోరు ఊరుకోదు. మేమిద్దరం పడవ ఎక్కితే రేవులో వాళ్ళు చుట్టలు ముట్టించుకుని, ఇవాళ పేచీ దేని మీదో అని చెవులు పెట్టేవారు.

ఆ పేచీ చాలాసార్లు మసి మీదే వచ్చేది.

బాయిలరు సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. కింద పొయ్యి ఉంటుంది. పొయ్యి అడుగున కంతలోంచి గాలి లోపలికి వెళ్ళాలి. మంట వేడి, పొగ కలిసి నీళ్ళ మధ్యగా అమర్చిన ఇనప గొట్టాల్లోంచి అవతలి కొసకి పోయి, అక్కడినుంచి పైన పొగగొట్టంలోకి ఎక్కాలి. ఆ దారి బాగుంటే గాలి బుస్సుమని లాగుతుంది, మంట గర్జిస్తుంది, నీళ్ళు మరిగి ఆవిరి పుడుతుంది, చక్రం తిరుగుతుంది. దారి మూసుకుపోతే మంటకి ఊపిరాడదు. అంతే సంగతి.

ఈ పడవలకి రాక్షసి బొగ్గు వెయ్యాలి. అది దొరల సీమనుంచి ఓడల్లో కోరంగి రావాలి, అక్కడినుంచి మాకు రావాలి. వచ్చినప్పుడు వచ్చేది. రానప్పుడు కోనసీమలో ఏ పొయ్యిలో ఏది కాలుతుందో మా పొయ్యిలోనూ అదే కాలేది: కాయ ఒలిచిన కొబ్బరి డొక్కలు, చిప్పలు, మట్టలు, సముద్రం వైపునుంచి తెచ్చిన మడ కర్ర. ఎండినవైతే వాటికీ వంక పెట్టలేం. చిప్ప మంట చూడముచ్చటగా ఉంటుంది. తంటా అంతా తడి డొక్కతో వచ్చింది.

మా పడవలవాళ్ళ ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది. ఇంటి మగాడు నీళ్ళ మీద ఉండగా ఇంట్లో పొయ్యి ఆరకూడదు. వంట అయిపోయినా ఆడవాళ్ళు నిప్పుల మీద తడి డొక్క కప్పి, అది రాజుకుంటూ ఉండేలా చూస్తారు. పొయ్యి ఆరిందంటే మనిషికి ఏదో అయిందన్నమాటే. మా అమ్మ ఒకసారి నిప్పు ఆరిపోయిందని చూసుకుని, మా నాన్న రేవులో దిగి ఇంటికి నడిచి వచ్చేదాకా గుమ్మంలో పిచ్చిదానిలా నిలబడింది. అలాంటి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం మేం.

మావయ్య ఆ కట్టుబాటుని పొగపడవ మీదికి ఎక్కించాడు. ఇంటి పొయ్యికే అంత ఉంటే, సాక్షాత్తూ నీళ్ళ మీద ఉన్న పొయ్యికి ఎంత ఉండాలి అన్నాడు. దొర చెప్పి వెళ్ళింది వేరు. వారం వారం నిప్పంతా లాగేసి, చల్లారాక గొట్టాలు బురుసుతో తోమాలి అని చేత్తో చూపించి మరీ చెప్పాడు. మావయ్య "ఆయ్, అలాగేనండి" అన్నాడు. దొర వెనక్కి తిరగ్గానే పొయ్యిలో తడి డొక్క కప్పించాడు. రాళ్ళ పని లేక పడవ రేవులో ఊరికే కట్టేసి ఉన్న రోజుల్లో కూడా ఆ డొక్క పగలూ రాత్రీ కమురుతూ ఉండేది. పచ్చటి పొగ, కళ్ళు మండే పొగ. ఆ పొగే గొట్టాల్లో జిగటగా పట్టి, మీద మంట తగిలినప్పుడల్లా పెంకు కట్టేది. దొర మళ్ళీ వచ్చే వేళకి మావయ్య చింతపండు పెట్టి ఇత్తడి సామానంతా తళతళలాడేలా తోమించేవాడు. దొర ఇత్తడి చూసి, భేష్ అని వెళ్ళిపోయేవాడు. దొరలకి కూడా పైమెరుగే కనిపిస్తుంది మరి!

"మావయ్యా, గొట్టాలు పూడిపోతున్నాయండి. పొగ వెనక్కి తంతోంది" అని నేను అనేవాణ్ణి.

"పూడితే ఇంకో నాలుగు చిప్పలు వెయ్యి. నిప్పు మట్టుకు తియ్యనివ్వను" అనేవాడు ఆయన.

ఆ ఏడు శ్రావణంలో నా భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది. పుట్టిల్లంటే మావయ్య ఇల్లే. రేవుకి ఎగువన, ఏటి మధ్యలో లంకలో ఉంది. ఆడపిల్ల పుట్టిందని పాలవాడితో కబురు వచ్చింది. పురుడు వెళ్ళేదాకా తండ్రి బిడ్డని చూడకూడదంటారు మా వాళ్ళు. అందుకని నేను చూడలేదు. రేవులో నిలబడితే లంక మీది కొబ్బరి తలలు, వాటి సందున మావయ్య ఇంటి కప్పు కనిపించేవి. పొద్దున్న లేస్తే అటే చూసేవాణ్ణి. నా మొహంలో ఏం కనిపించేదో గాని, చుక్కాని మనిషి మెల్లిగా నవ్వుకునేవాడు.

ఇంతలో గోదావరి వచ్చింది. మొదట ఎర్రనీళ్ళు, తరవాత నురుగు, ఆ తరవాత వేళ్ళతో సహా కొట్టుకొచ్చే చెట్లు. గాలీ వానా ఆగలేదు. ఒక రాత్రి గడిచి తెల్లవారేసరికి రేవు మెట్లు కనిపించలేదు. ఆ వేళకి లంకవాళ్ళ పడవలు మా రేవుకి వచ్చి తగిలాయి. గొడ్డూ గోదా, ముసలీ ముతకా అందరూ తడిసి ముద్దై దిగుతున్నారు. నేను ఒక్కొక్క మొహమే వెతుక్కుంటూ వెళ్ళాను. మా వాళ్ళు లేరు. మావయ్య ఇంటి పక్కింటాయన కనిపించాడు. వణుకుతున్నాడు.

"ఎంత చెప్పినా మీ అత్తగారు ఇన్నారు కాదండి" అన్నాడు. "పురుడెళ్ళని బాలింతని ఏటిగాలిలో ఎలా ఎక్కిస్తాననేసేరు. గోదారి ఎప్పుడూ మా అరుగు దాటలేదు, తెల్లారేక తీసిపోద్దిలెండి అనేసేరు. తీరా నీళ్ళు అరుగెక్కేసరికి పడవలన్నీ నిండిపోయేయండి. మళ్ళీ వస్తామని చెప్పొచ్చేం."

"అయితే పదండి, మళ్ళీ వెళదాం" అన్నాను.

ఆయన ఏటి వైపు చెయ్యి చూపించాడు. ఏటి మధ్యలో ఒక చింతచెట్టు చెట్టంతా దొర్లుకుంటూ పోతోంది. ఆ వడికి గెడ ఆనదు, తెడ్డు నిలవదు. నాటుపడవల వాళ్ళెవరూ కదలలేదు. వాళ్ళని తప్పు పట్టలేను. ఆ నీటికి ఎదురెక్కాలంటే ఆవిరి ఒక్కటే దారి.

మావయ్య అప్పటికే పొగపడవ ఎక్కేశాడు. నేను పొయ్యి తలుపు తీసి, అడుగున దాచిన ఎండు చిప్పలు, మడ కర్ర దోసిళ్ళతో కుమ్మరించాను. మంట ఎర్రగా లేచింది గాని గర్జించలేదు. పొగ పైకి పోవాల్సింది పోయి పొయ్యి నోట్లోంచే నా మొహం మీదికి వచ్చింది. ఆవిరి బలం చూపే ముల్లు కొంచెం లేచి, అక్కడే ఆగిపోయింది. అయినా మావయ్య తాడు విప్పించాడు. చక్రాలు తిరిగాయి. నీళ్ళు చిమ్మాయి. పడవ మట్టుకు ముందుకి పోలేదు. ఉన్నచోటే గింజుకుని, మెల్లిగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. చుక్కాని మనిషి ఎలాగో దాన్ని గట్టు వైపుకి తిప్పి, తాడు విసిరి ఒక కొబ్బరిచెట్టుకి బిగించాడు. ఇంకాస్త ఆలస్యమైతే మేం ముగ్గురం సముద్రానికే పోయేవాళ్ళం.

"ఇంకా వెయ్యి" అన్నాడు మావయ్య.

"వేసేదాన్ని తీసుకోడానికి దానికి ఊపిరేదండి? గొట్టాలు పూడిపోయేయి. నిప్పు లాగేసి తోమాలి" అన్నాను.

"నిప్పు లాగడం పడదు."

"నిప్పుండగానే తోముతాను, చూడండి మరి" అని కోపం కొద్దీ ముందు వైపుకి వెళ్ళి, పొగగొట్టం మొదట్లో ఉన్న ఇనప తలుపు గడియ ఊడగొట్టాను. గొట్టాల కొసలన్నీ ఆ తలుపు వెనకే ఉంటాయి. తలుపు తెరిచానో లేదో లోపల కూరుకున్న వేడంతా ఒక్క ఉదుటున నా మీద పడింది. కనుబొమ్మలు చుర్రుమని కాలాయి. వెనక్కి పడ్డాను. చుక్కాని మనిషి తడిగోనె నా మొహం మీద వేసి ఈడ్చకపోతే కళ్ళు పోయేవే. ఆ పొగలోనే గొట్టాల కొసలు నాకు కనిపించాయి. చేతి మణికట్టు పట్టాల్సిన గొట్టంలో బొటనవేలు కూడా దూరేలా లేదు. నల్లగా, నిగనిగలాడుతూ, లక్క పోసినట్టు పూడిపోయింది.

మావయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. అల్లుడు మామ చెయ్యి పట్టి ఈడ్చడం మర్యాద కాదు. ఆ పూట మర్యాద ఎవడికి కావాలి?

"ఇది మీ తడి డొక్క చేసిన పనండి" అన్నాను.

ఆయన వంగి ఆ కొసల్లోకి చూశాడు. తరవాత చాలా నెమ్మదిగా, నన్ను బతిమాలుతున్నట్టు అన్నాడు. "ఒరే, నీళ్ళ మధ్యనున్నది నా పెళ్ళాం, నా కూతురూరా. ఈ వేళ పొయ్యార్పమంటావా? ఏ ఇంటోడైనా ఆర్పుతాడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. జాలి కూడా వేసింది, కాని కోపమే పైన ఉంది. "ఉన్నది మీ కూతురొక్కర్తేనా? నా పెళ్ళాం కాదా? నా పిల్ల కాదా? నేను మొహమైనా చూడలేదు దాన్ది!" అని అరిచాను. "కూర్చోండి ఇలాగే పొయ్యి కాపాడుకుంటా. నిప్పు బతికుంటాది. మన వాళ్ళుండరు."

ఆ మాట అన్నాక నాకే భయం వేసింది. చుక్కాని మనిషి నోరు నొక్కుకున్నాడు. మావయ్య చెయ్యెత్తాడు, కొడతాడనుకున్నాను. కొట్టలేదు. వంటకి వాడే మట్టికుండ ఒకటి మూల ఉంటే తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇందులోకి కాసిన్ని నిప్పులు తియ్యి. మిగతాది పారెయ్యి" అన్నాడు.

కణకణలాడే బొగ్గులు ఏరి కుండలో పోశాను. ఆయన దాన్ని ఒళ్ళో గోనె మీద పెట్టుకుని, పైన తాటాకు గొడుగు పట్టుకుని, పడవ వెనక చివర కూర్చున్నాడు. అప్పుడప్పుడు వంగి ఊదేవాడు. ఆ కుండ ఆరనంతసేపూ తన పొయ్యి ఆరనట్టే అని ఆయన లెక్క. నాకు నవ్వూ రాలేదు, తిట్టూ రాలేదు. ఎలాగోలా ఒప్పుకున్నాడు, అదే చాలు.

ఇనప కొక్కెంతో నిప్పంతా లాగి ఏట్లోకి తోశాను. గోదావరి బుస్సుమంది. పొగగొట్టంలోంచి ఒక పాయ పొగ వచ్చి, సన్నబడి, ఆగిపోయింది. అంత గాలీవానలోనూ పడవ మీద ఏదో నిశ్శబ్దం అయినట్టు తోచింది. మేం ఆ పడవ ఎక్కాక దాని పొగ ఆగడం అదే మొదలు.

చల్లారేదాకా ఆగే వ్యవధి లేదు. దొర ఇచ్చిన తీగబురుసు ఎప్పుడో తుప్పు పట్టి, పుల్ల ఒక్కటే మిగిలింది. చుక్కాని మనిషి ఇనప చువ్వ తీసుకుని ముందు వైపునుంచి ఒక్కొక్క గొట్టంలో పొడవడం మొదలుపెట్టాడు. పైపెంకు పగిలింది గాని లోపలి జిగురు చువ్వకి అంటుకుని వచ్చేది, మళ్ళీ సాగి అతుక్కునేది. అప్పుడు మా ఇళ్ళల్లో అంట్లు తోమే పద్ధతే గుర్తొచ్చింది. కొబ్బరి పీచు ముద్ద చేసి, తడి ఇసకలో పొర్లించి, కొబ్బరితాడు నడిమికి గట్టిగా కట్టాం. వెదురు బద్దతో తాడు కొసని అతను అటునుంచి తోస్తే, నేను ఇటు పొయ్యి లోపలికి దూరి పట్టుకోవాలి. తరవాత రంపం లాగినట్టు ఇద్దరం చెరోవైపూ లాగాలి.

పొయ్యి నోట్లో తడిగోనెలు పరిచి నడుము దాకా లోపలికి దూరాను. గోనె అప్పుడే ఆవిర్లు కక్కింది. ఇనుము ఎటు తగిలితే అటు చర్మం అంటుకుపోయేది. కుడి భుజం మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, వాన పట్టినప్పుడు జిల పెడుతుంది. మసి పెళ్ళలు పెళ్ళలుగా నెత్తిన పడేది. నోరు మూసుకుంటే ఊపిరాడదు, తెరిస్తే చేదు. ఒక గొట్టం తేలిగ్గా వచ్చేది, ఇంకోటి ఎంత లాగినా కదిలేది కాదు. ఒకదాంట్లో పీచు ముద్ద ఇరుక్కుని తాడు తెగింది. దాన్ని చువ్వతో అవతలికి తొయ్యడానికి పట్టిన సేపులో నేను ఎన్ని బూతులు తిట్టానో ఇక్కడ రాయలేను. డొక్కని తిట్టాను. దొరని తిట్టాను. ఒళ్ళో కుండ పెట్టుకున్న ముసలాయన్నీ వదల్లేదు. ఆయన వింటూనే ఉన్నాడు, నిప్పు ఊదుకుంటూనే ఉన్నాడు.

మధ్యలో ఒకసారి ఊపిరికోసం బయటికి వచ్చాను. వాన తెరిపి ఇచ్చింది. పడవ కట్టిన కొబ్బరిచెట్టు మొదలు నీళ్ళల్లోకి పోయి, తాడు ముడి మునిగింది. లంక వైపు చూశాను. కొబ్బరి తలలు కనిపించాయి. ఇంటి కప్పు బూడిదరంగు ముద్దలా కనిపించింది. మనుషులు కనిపించే దూరం కాదు. కప్పు ఉంది కదా అనుకుని మళ్ళీ లోపలికి దూరాను.

చివరి గొట్టం అయ్యాక అడుగున గాలి కంతలో గడ్డకట్టిన బూడిద కూడా పొడిచి లాగేశాను. అరచెయ్యి ఆ కంత దగ్గర పెడితే చల్లటి గాలి సర్రున లోపలికి పోవడం తెలిసింది. ఆ గాలి తగిలితే నాకు ప్రాణం లేచి వచ్చింది. "మావయ్యా, నిప్పు తెండి!" అని కేకేశాను.

ఆయన కుండ తెచ్చి తన చేతులతోనే పొయ్యిలో వంచాడు. ఎండు పీచు వేశాం, చిప్పలు వేశాం, మడ కర్ర పేర్చాం. మంట ఒక్కసారి లోపలికి వంగి, గొట్టాల వైపు దూసుకుపోయి, గుర్రుమంది. ఆ గర్జన విని చుక్కాని మనిషి నీళ్ళల్లో దూకుతాడా అన్నట్టు గంతేశాడు. బాయిలరులో నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి గనక ఆవిరికి ఎక్కువ సేపు పట్టలేదు. ముల్లు లేచింది. మావయ్య నా భుజం తట్టబోయి, కాలిన చోటు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బాగానే ఉందిరా" అన్నాడు. ఆయన నోట నాకు అంతకంటే పెద్ద మెప్పు ఎప్పుడూ రాలేదు.

పడవ ఎదురెక్కింది. చెట్లని తప్పించుకుంటూ, సుడుల అంచుల వెంట మావయ్య చెప్పిన చోటల్లా చుక్కాని తిప్పుకుంటూ వెళ్ళాం. నేను తల ఎత్తకుండా కట్టె వేస్తూనే ఉన్నాను. లంకలోకి పడవ వెళ్ళడమంటే ఏమిటో అనుకున్నాను గాని, మావయ్య తన కొబ్బరితోట చెట్ల మధ్యనుంచే పడవ నడిపించాడు. కొబ్బరి గెలలు మా చేతికి అందుతున్నాయి.

ఇల్లు చూరు దాకా మునిగింది. కప్పు మీద నా భార్య ఉంది. నడుముకి తాడు చుట్టుకుని, ఆ తాడు పక్కనున్న కొబ్బరిచెట్టుకి కట్టుకుంది. ఒళ్ళో చేట, చేటలో గుడ్డల మూట. మూట కదిలింది. నేను ఏడ్చేశాను. సిగ్గేమీ పడలేదు.

ఆమె ఒక్కతే ఉంది.

"మీ అమ్మేదే?" అన్నాడు మావయ్య.

నా భార్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మేం నిజంగా వచ్చామో లేదో తేల్చుకుంటున్నట్టు చూసింది. తరవాత చెప్పింది. ఆ మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"పొద్దున్నించీ మీ పొగ కనబడతానే ఉంది నాన్నా. అమ్మ అదే చూస్తా కూర్చుంది. అదిగో నాన్న బయల్దేరేడు, అదిగో వచ్చేస్తన్నాడు అంటానే ఉంది. ఇంతలో పొగ ఆగిపోయింది. ఎంతసేపు చూసినా మళ్ళీ రాలేదు. అయ్యో, పడవ ములిగిపోయిందే, ఇంక మనకెవరూ లేరే అంది. తోటలో పక్కింటోళ్ళ తాటిదోనె చెట్టుకి అడ్డం పడుంటే, నేను దాన్ని పట్టుకొచ్చేస్తాను, పాప జాగర్తని దిగింది. దోనె అందింది నాన్నా. దోనెతో పాటే అమ్మా..."

ఆమె చెయ్యి దిగువకి చూపించింది.

నిప్పు లాగకపోతే పడవ కదిలేది కాదు. కప్పు మీద ఉన్న తల్లీబిడ్డలిద్దరూ దక్కేవారు కాదు. ఇది ఎవరు అడిగినా ఇప్పటికీ చెబుతాను, గట్టిగానే చెబుతాను. కాని ఆ క్షణంలో మావయ్య వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. పొద్దున్నించీ నేను అన్న ప్రతి మాటా నాకు వినపడుతోంది. ఇప్పుడు ఆయన నన్ను తిడితే బాగుండునని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది.

ఆయన కూతుర్ని తాడు విప్పి దింపాడు. చేట నా చేతికి ఇవ్వలేదు, తనే పట్టుకెళ్ళి పొయ్యి వేడి తగిలే చోట జాగ్రత్తగా పెట్టాడు. తరవాత మళ్ళీ తన ఇంటి కప్పు ఎక్కాడు. రెండు చేతులతో తాటాకు పీకడం మొదలుపెట్టాడు. వానకి నాని బరువెక్కిన తాటాకు. కట్టలు కట్టలుగా పీకి పడవలోకి విసిరాడు.

"ఇది వెయ్యరా పొయ్యిలో" అన్నాడు.

"మావయ్యా, తడి ఆకండి..."

"తెలుసురా. తడిదే వెయ్యి. పొగ బాగా రావాలి. మనం ములగలేదని దానికి తెలియాలి."

తడి ఆకు చేతుల నిండా ఎత్తి పొయ్యిలో కుక్కాను. నల్లటి పొగ దొంతరలుగా లేచి, కొబ్బరి తలల మీదుగా పైకి పోయింది. పడవని దిగువకి తిప్పాం. మావయ్య ముందు కొసన నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కనిపించిన ప్రతి పొద వైపూ, ప్రతి చెట్టు వైపూ కేకలు వేశాడు. "ఏవే! మేం ములగలేదే! ఇటు చూడే!" అని సముద్రం వాసన తగిలేదాకా అరుస్తూనే ఉన్నాడు. నేను ఆకు వేస్తూనే ఉన్నాను.